మచ్చ ఉన్న రాయి

రెండు పదున్ల వాన పడినాక
జొన్నగిరి చేలల్లో మనుషులు వంగి నడుస్తారు.
బళ్లారి వాళ్లు, గుత్తి వాళ్లు,
గట్ల మీద టార్పాలిన్లు, సద్ది మూటలు.
నేనూ వంగే ఉన్నాను,
ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో బురద చెప్పులు.

నా పేరు డాక్టర్ మౌలాలమ్మ.
"డాక్టరమ్మా, మోకాలికి ఏదన్నా చెప్పు" అంటుంది సుంకులక్క.
గాజు చదువు చదివిన డాక్టరునని చెప్పి చెప్పి
ఇప్పుడు కాపడం పెట్టుకోమంటున్నాను.

ఆరేళ్లు అనంతపురంలో గాజు కరిగించాను.
కొలిమి పదకొండు వందల డిగ్రీలు,
బోరాక్సు, సీసం, చిటికెడు యూరోపియం.
ఇత్తడి పలక మీద పోస్తే ఒక్కోసారి
టప్‌మని పగిలేది, రోజంతటి పని.

ఇప్పుడు రాత్రిళ్లు పోస్ట్‌డాక్ ప్రకటనలు చదువుతాను.
వయసు ముప్పై రెండు మించరాదు.
నాకు ముప్పై నాలుగు. మినహాయింపు ఉందేమో
కింద చిన్నక్షరాల్లో వెతుకుతాను.
ఫెమ్టోసెకండ్ లేజరు అనుభవం తప్పనిసరి.
మా ల్యాబు లేజరు రిపేరుకు పోయి మూడేళ్లు.
సిఫారసు లేఖలు మూడు కావాలి.
మూడో సారు అన్నారు:
"నువ్వే రాసుకు రామ్మా, సంతకం పెడతా."
నన్ను నేను పొగుడుకోవడమంత కష్టమైన ప్రయోగం
ఆ ఆరేళ్లలో చేయలేదు.

ఒక ప్రకటన మాత్రం మళ్లీ మళ్లీ చదివాను.
రెండేళ్ల పని, వజ్రంలోని లోపాల మీద.
కర్బనం ఉండాల్సిన చోట ఒక నైట్రోజను,
దాని పక్కనే ఎవరూ చేరని గది.
పచ్చ లేజరు పడితే ఆ ఖాళీ
ఎర్రగా బదులిస్తుందట.
మచ్చ లేని రాయి వాళ్లకు పనికిరాదట.

సుంకులక్క పకపకా నవ్వింది.
"మచ్చుంటే సేటు సగానికి సగం కోస్తాడే!
పోయినేడు నాకు దొరికిన గింజలో
ఈగ కాలంత నలుపు.
ఆళ్లకే అమ్మింటే బాగుండు గదమ్మే.
ఆళ్ల నెంబరుండాదా?"

నెంబరు ఉంది. మూడున్నరకు వాళ్లే చేశారు.
సిగ్నలు గుట్ట మీదే వస్తుంది,
పలుగురాళ్ల మధ్య నిలబడ్డాను.
తెర మీద ముగ్గురు.
నా గాజు ఎందుకు పగిలిందని అడిగారు,
తొందరపడి చల్లార్చాను అన్నాను. అది నిజం.
ఒకాయన కళ్లద్దాలు సర్దుకుని,
మీ వెనక వాళ్లంతా ఏం వెతుకుతున్నారన్నాడు.
మీరు వెతికేదే సార్,
కాకపోతే మచ్చ లేనిది.
నవ్వారో, గీతలు పడి తెరే వణికిందో.
తెలియజేస్తాం అన్న మాట సగంలో ఆగింది.

దిగి వచ్చేసరికి అందరూ అడిగే ప్రశ్నే
సుంకులక్కా అడిగింది, "దొరికెనా?"
చెప్తామన్నారక్కా.

ఆమె ఒక రాయికి ఉమ్మి రాసి
కొంగుకు తుడిచి ఎండకు పట్టింది.
కాదు.
భుజం మీదుగా వెనక్కి విసిరింది.
"చూసిన రాయి వెనక్కే ఎయ్యాల పాపా,
ముందరికేస్తే మళ్లా దాన్నే ఏరుకుంటాము."

ఫోను రొంటిన దోపి
ఆమె పక్క సాలులో వంగాను.