కొసరు

లిమోజ్‌లో శనివారం సంతలో
చెస్ట్‌నట్లమ్మే మనిషి
తూకం తేలాక కూడా ఇంకో గుప్పెడు సంచిలో వేస్తాడు.
మా డాక్టరు దగ్గర
ఆ గుప్పెడు మన సంచిలోంచే పోతుంది.

కౌంటరులో కూచుని ఆ అంకె చెప్పేది నేనే.
డెబ్బై అయిదు యూరోలు, మదామ్.
గొంతు కాస్త తగ్గించి చెబుతాను.
పద్నాలుగు చిల్లర బీమా తిరిగిస్తుంది,
ఇంకాస్త తగ్గించి.

మార్సెలీన్ ద్యుబ్రాక్, డెబ్బై తొమ్మిదేళ్లు.
పింగాణీ కార్ఖానాలో ముప్పై ఒక్క సంవత్సరాలు
పళ్లేల అంచుకు బంగారు గీత గీసింది
వెంట్రుకంత కుంచెతో, ఊపిరి బిగబట్టి.
ఇప్పుడు కళ్లలో పాలు విరిగినట్టుంది అంటుంది.

పచ్చ కార్డు తీసి యంత్రంలో పెట్టింది,
సొంత ఇంటికి తాళంచెవి పెట్టినంత ధీమాగా.
యంత్రం కీచుమంది.
తలుపు జానెడే తెరుచుకుంది.

"ఫెరాండియే గారి దగ్గరా ఇదే కార్డు కదమ్మా?"
అదే కార్డు. అవే కళ్లు.
ఆయన ఒకటో సెక్టారు, సర్కారు కట్టిన ధర దాటేవాడు కాదు.
పోయిన చలికాలం రిటైరయ్యాడు.
ఆ గదిలో ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు.
మా డాక్టరుది రెండో సెక్టారు.
సొంత ధర పెట్టుకోవచ్చు, అయితే
మర్యాదగా, మితంగా అంది చట్టం.
మితమంటే ఎంతో రాయడం మరిచిపోయింది.

ధరల పట్టిక గోడకుండాలన్నదీ చట్టమే.
ఉంది. తలుపు వెనక, చీమ తలకాయంత అక్షరాల్లో,
కంటి ఆసుపత్రిలో.
ఆమె దాని ముందు కాసేపు నిలబడి
"బొమ్మ బావుంది" అంది.

ఒకటో సెక్టారు వాళ్లందరికీ ఫోన్ చేశాను.
ఉస్సెల్‌లో ఒకరు దొరికారు, మార్చి పందొమ్మిదికి.
ఇది మే నెల.
డబ్బు లేనివాళ్లు రోజుల్లో చెల్లిస్తారు,
దానికి రసీదు ఉండదు.

ఆమె నా కాఫీ కప్పు అంచు మీద వేలు తిప్పింది.
గీత మొదలూ చివరా కలిసే చోట ఆగింది.
"ఇది నా చెయ్యి కాదు. అతుకు తెలుస్తోంది."
తర్వాత, "మార్చే రాయి" అంది.

లావు కలం తీశాను.
ఒక్కో అంకె బొటనవేలంత.
చీటీ చాల్లేదు,
ఇంకో చీటీ అతికించాను.
లోపల్నుంచి డాక్టరు
తర్వాతి పేరు పిలుస్తున్నాడు.