పదకొండో గడి

సల్మాబాద్ గ్యారేజీల వెనక, మా రూముల
పై మంచం మీద బోర్ల పండి ఫారం నింపుతున్న.
సినిమా పేరు: పెంక.
నిడివి: ఇరవై ఆరు నిమిషాలు,
ఒక్క సెకను ఎక్కువొద్దు, తక్కువొద్దు.
దర్శకుడి వృత్తి: ఏసీ డక్టు పని,
అని రాసిన. కొట్టేసిన. మళ్ల అదే రాసిన.

బయటి దేశపోళ్లు తీసినవి గూడ వేస్తమని
సర్కారు టీవీల చెప్పిన్రట.
కోల్డ్ స్టోర్ హంసక్కోయ ఆ పేపరు ముక్క చింపి
పాల ప్యాకెట్‌తో పాటు చేతుల పెట్టిండు.
పైసలియ్యరు, పేరు వేస్తరు, అన్నడు.

పదకొండో గడి:
తెర మీద కనవడే ప్రతి మనిషి సంతకం, సీపీఆర్ నంబరు.
గంగమల్లు పెట్టిండు. దేవేందర్ పెట్టిండు.
సియాల్‌కోట్ వెల్డరు సంతకం చేసి
హీరోయిన్ ఎవరని అడిగిండు.

లింబన్నకు నంబరు లేదు.
మూడేండ్ల కింద కఫీల్‌ను ఇడిసి
గోడ దునికిన రాత్రి
కార్డు ఆడనే, పెట్టె అడుగున ఉండిపోయింది.
నలభై మందికి రొట్టెలు చేసే మనిషి
ఏ లెక్కల లేడు.

"నన్ను తీసెయ్ తమ్మీ" అన్నడు, పిండి పిసుకుతనే.
"ఉప్పెక్కువైతే ఇన్ని నీళ్లు పోయమా? గట్లనే."

తీసేసిన.
మొఖం తీసేసిన. తర్వాత మోచేతులు.
ఆఖరికి గోడ మీది నీడ.
నాలుగు నిమిషాల పది సెకన్లు బొక్క పడ్డది.

శుక్రారం మళ్ల షూటింగ్ పెట్టినం.
ఫోనును ఉల్లిగడ్డ బస్తాకు ఆనిచ్చి
పెంక ఒక్కటే కనవడేటట్టు.
చెయ్యి లోపలికి రాకుండ రొట్టె ఇసురుడు
లింబన్న పొద్దుమీకేదాక నేర్చుకున్నడు.
ఎక్కడినుంచో రొట్టె వచ్చి పడుతది,
పొంగుతది, ఎగిరిపోతది.
బయటినుంచి గొంతు:
ముప్పై ఆరు. ముప్పై ఏడు.

టీవీ ఆఫీసుల బద్రియా అనే ఆమె
చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకొని మొత్తం చూసింది.
"ఇక్కడ ఎవరూ లేరు కదా?" అన్నది, హిందీల.
ఉన్నరు, అన్న. నాలుక తడారింది.
ఫారం దిక్కు చూసింది. నా దిక్కు చూసింది.
గోడ గడియారం పెద్దగ కొట్టుకుంటున్నది.
పెన్నుకు మూత పెట్టి
"గొంతుకు గడి లేదు" అన్నది.

బుధవారం రాత్రి ఒంటిగంట నలభైకి వేసిన్రు.
నాలుగింటికి బస్సు. మెస్సుల మేల్కొని ఉన్నది ఏడుగురం.
కింద అరబ్బీల అక్షరాలు ఉరుకుతున్నయ్,
మా తిట్లు గూడ కుడినుంచి ఎడమకు పోయి మర్యాదగ కనవడ్డయ్.
లింబన్న తలుపుల నిలబడ్డడు,
చెప్పులు చేతుల పట్టుకొని,
ఎవలన్న వస్తే ఉరికేటట్టు.

తెర మీద రొట్టె పొంగింది.
ముప్పై ఎనిమిది, అన్నది టీవీ.
గంగమల్లు ఈల కొట్టబోయి ఆగిండు.

"తప్పు" అన్నడు లింబన్న.
"నలభై ఒకటి. మూడు మాడినయ్ ఆ దినం.
అవి గూడ నేనే చేసిన."

చెప్పులు కింద ఇడిసి
పొద్దుటి బస్సోళ్లకు పిండి తడుపపోయిండు.