ఉరకనియ్యని నెల

మర్రిగూడ బస్సెక్కి
చండూరు హైస్కూలు గ్రౌండుకు
ఉరుకుదామనే పోయిన.
ముత్యాలు సారు నా కాళ్లు చూడలేదు.
బూట్లిప్పమని, తిరగేసి
అడుగులు చూసిండు.
ఎడమ మడిమె ఎక్కువ అరిగిందని
నోటుబుక్కుల రాసుకున్నడు.

"ఒంటికాలి మీద నిలబడు" అన్నడు.
పదకొండు లెక్కపెట్టేలోపే ఊగిన.
"మూడు వేల మీటర్లంటే ఏంది బిడ్డా?
రెండు వేల పైచిలుకు సార్లు
ఒంటికాలి మీద నిలబడుడే.
ఊగుకుంట ఎంత దూరం పోతవ్?"

నెల రోజులు ఉరకనియ్యలేదు.

పత్తి మిల్లుల పాత కాంటా రాయి
కుడిచేత్తో ఎత్తిచ్చి
అదే రాయి ఎడమచేత్తో ఎత్తమన్నడు.
నా ఎడమచెయ్యి అప్పటిదాంక
కుడిచెయ్యికి చెల్లె.
ఎనక నిలబడి చూసుడే దాని పని.

ట్రాక్టరు టైర్ల మీంచి దునికిన.
గోల్ పోస్టు కడ్డీకి
గబ్బిలం లెక్క ఏలాడిన.
కాలువ కట్ట మీద ఎనకకు నడిచిన,
ఎదురుంగ బర్రెలు ముందుకొస్తుంటే
ఎవరు ఎవర్ని తోలుతున్నరో
కాపరికి గూడ సమజ్ కాలేదు.
ఖోఖోల కూసోబెట్టిండు, కబడ్డీల కిందేసిండు.
"ఇది రన్నింగా, సర్కసా?"
పోరగాళ్లు పండ్లికిలిచ్చిండ్రు.

నవ్వనోడు కడారి సైదులు ఒక్కడే.
వాడు ఎవల మాట ఇనకుండ
మునుగోడు రోడ్డు మీద
పొద్దుకు పన్నెండు కిలోమీటర్లు ఉరికిండు.
పోయిన చలికాలం వాని ముంగాలెముక
సన్నగ చిట్లింది.
ఇప్పుడు వాడు టైం చూసేటోడు.
గడియారం ఉరుకుతది,
వాడు పట్టుకుంటడు.

"ఎడ్లతోనే బండి ఉరుకుతదనుకుంటం,
సీల ఊడినదాంక"
అన్నడు సారు, వాని దిక్కు చూడకుండ.
మెట్లెక్కితే సారు మోకాలు
ఎండిన పెసరకాయ లెక్క టప్పుమంటది.
"నాకు ఉరుకుడొక్కటే నేర్పిండ్రు."
ఒక్కసారే చెప్పిండు ఆ మాట.
మల్ల అడిగితే
విజిల్ ఊదిండు.

ఇంట్ల మా నానమ్మకు
మెడ తిరగదు.
పిలిస్తే మనిషంత తిరుగుతది,
తలుపు తిరిగినట్టు.
వయసుల తాగిన బోరు నీళ్లు
ఎముకలల్ల కూసున్నయ్, లేవయ్.
సాయంత్రం అరుగు మీద
నేను నడుము వంచుతుంటే, మెడ తిప్పుతుంటే
ముందట కూసోని చూస్తది.
"ఏదీ, ఇంకోసారి తిప్పు."
ఎడమకు తిప్పుత.
కుడికి తిప్పుత.
ఆమె కండ్లు మాత్రం
నాతోని వస్తయ్.

నల్లగొండల జిల్లా పోటీలు.
ఏడున్నర రౌండ్లు.
ఆరో రౌండుకే కాళ్లు అయిపోయినయ్.
నిజంగనే అయిపోయినయ్,
బదులు తెచ్చిన బియ్యం లెక్క.
అప్పుడు ఎవరో భుజం పట్టి గుంజిండ్రు.
చూస్తే ఎవరు లేరు,
నా ఎడమచెయ్యి.
ఇన్నొద్దులు ఎనక నిలబడ్డ చెల్లె
ముందుకొచ్చి
ఇల్లంత మోసింది.

నాలుగో స్థానమొచ్చింది.
పతకాలు మూడే.
సైదులు టైం చెప్పబోతుంటే
సారు చెయ్యి అడ్డం పెట్టి
"బూట్లిప్పు" అన్నడు.
ఎండకు పట్టి, తిరగేసి, మల్ల తిరగేసి
"ఇంకా కొంచెం ఎడమకే ఉంది,
రేపు ఆరింటికి రా."
ఇద్దరికి నిమ్మసోడా తాపిచ్చి
తను తాగలేదు.

రాత్రి నానమ్మ అడిగింది:
"ఎనక ఎవలొస్తుండ్రో
మెడ తిప్పి చూసినవా?"
"లేదు నానమ్మా,
ఉరికేటప్పుడు ఎనకకు చూడొద్దంట."
శానసేపు ఏం అనలేదు.
మంచం పట్టె మీద చేత్తో రాసుకుంట
లోపల్లోపల నవ్వింది.
"గట్లనా?
గట్లయితే నేను గూడ ఉరుకుత."