ఎగ్జిబిట్ ఏడు

బాంగర్ కోర్టులో గుమాస్తాను.
నా బల్ల మీద మూడేళ్లుగా ఒక గాజు సీసా,
లోపల స్పెరిన్ తీరపు బురద.

మొదట డొరీన్ పెల్కీ వచ్చింది,
రిటైరైన లెక్కల టీచరు.
చేపల కార్ఖానా గొట్టం వదిలే నీళ్లకి
కొంగలు రావడం మానేశాయంది.
"చివరిసారి ఎప్పుడు వెళ్లారు అక్కడికి?"
"మోకాలు పాడుకాక ముందు."
"మళ్లీ ఎప్పుడు వెళ్తారు?"
"వెళ్తాను, ఎప్పుడో ఒకప్పుడు."
ఎప్పుడో ఒకప్పుడు అనే తేదీ
మా క్యాలెండర్లో లేదు.
అందరి దుఃఖం ఏ ఒక్కరిదీ కాదని
పద్నాలుగు పేజీల్లో రాశారు జడ్జి.
పేజీలకి నంబర్లు నేనే వేశాను.

తర్వాత ఎల్‌వుడ్ తిబొడో.
సముద్రం వెనక్కి తగ్గినప్పుడల్లా
నాలుగు పళ్ల పారతో ఆలిచిప్పలు తవ్వేవాడు.
చేతులు చూపించాడు, మోచేతుల దాకా దద్దుర్లు.
లైసెన్సు చూపించాడు, దానికి పిన్ను కొట్టిన నోటీసు:
తీరం మూసివేత.
ఈ నష్టం ఇతనిదే అన్నారు జడ్జి.
కోర్టులో నిలబడే అర్హత ఉందని తేలింది
నలభై ఏళ్లు వంగే బతికినవాడికి.
ఆ సాయంత్రం డొరీన్ బ్లూబెర్రీ కేకు తెచ్చింది.
నేను తినకూడదు. తిన్నాను.

ఆ పైన వాయిదాలు.
మూడో చలికాలంలో కంపెనీ ఉత్తరం:
గొట్టం పీకేశాం, కార్ఖానా అమ్మేశాం.
మళ్లీ మొదలవదని నమ్మకమేమిటని
రెండు గంటలు వదలకుండా అడిగారు జడ్జి.
ఆ మాట ఒప్పుకోవాలి.
కొన్నవాడికి కావలసింది
పడవలు దాచుకునే షెడ్డు, అంతే.
"మీరు డబ్బు అడగలేదు. ఆపమన్నారు. ఆగింది.
ఇక మీకివ్వడానికి నా దగ్గర ఏమీ లేదు."
"బురద అలాగే ఉందమ్మా."
ఆమె కళ్లద్దాలు తీశారు, తుడవకుండానే పెట్టుకున్నారు.
అది రికార్డులోకి ఎక్కలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటారు.
మా దగ్గర, కాలకముందు వస్తే
గాయమేదీ అంటాం.
మంట ఆరాక వస్తే
మంటేదీ అంటాం.
ఆకులు మాత్రం అల్మారాలో
తాళం వేసి భద్రంగా ఉంటాయి.

ఇవాళ సీసా తీసుకెళ్లడానికి వచ్చాడు.
విచారణ దాకా వెళ్లలేదు, ఎవరూ మూత తీయలేదు.
పైన నీరు తేరుకుంది, అడుగున నలుపు.
ఫారంలో ఒక గడి: వస్తువు యజమాని.
కలం అక్కడ ఆగింది.
"బురద నాదని రాయనా?"
రాయండి అన్నాను.
"ఈ కాగితమేదో మొదటి రోజే ఇవ్వాల్సింది" అని
పేరు రాశాడు, పెద్ద అక్షరాలతో, గడి దాటిపోయేలా.
ముద్ర కొట్టాను.

బయట మంచు.
గడ్డకడితే సీసా పగులుతుందని
కోటు గుండీ విప్పి
లోపల పెట్టుకున్నాడు.