ఏడో పోగు

ఆరు వారాల చదువు.
ఎస్టోనియాల ఒక బురదనేల.
రాత్రి పదిన్నరైనా పొద్దు కుంకదు,
దోమలకు సుత నిద్ర రాదు.

మొదటిరోజు పైపుముక్కలు, దారపుండ ఇచ్చిన్రు.
మీటరుకు మీటరు చట్రం కట్టాలె,
నిలువు పది గడులు, అడ్డం పది గడులు.
బెర్లిన్ పిల్లగాడు మూడుసార్లు కట్టి విప్పిండు.
నేను కట్టినంక
లీస్ మేడం వచ్చి గోటితోటి మీటి చూసింది.
ఎక్కడ నేర్చుకున్నవని అడిగింది.
కొత్తవాడ అన్న.
అదేదో యూనివర్సిటీ అనుకున్నది.

నాచుల పేర్లు నలభై ఒకటి నేర్పిన్రు, అన్నీ లాటిన్‌ల.
ఇంటిపేరు ముందట, సొంత పేరు ఎనుక.
అందరు తికమకపడ్డరు.
మా వాడల అట్లనే పిలుస్తరు,
నాకేం కష్టం కాలే.

అక్కడి నీళ్లు డికాషన్ రంగుల ఉంటయ్.
మేడం దోసిట్ల ముంచుకొని తాగింది.
నేను ఒకడుగు ఎనుకకు జరిగిన.
నాచు నాని నాని వచ్చిన రంగు,
భయపడకు, అన్నది.
మీ ఊరి నీళ్లు ఏ రంగు?
ఏ వారమో చెప్పండి మేడం, అన్న.
సోమవారమైతే ఎరుపు,
గురువారం చిలకపచ్చ.
అందరు నవ్విన్రు.
నేను గూడ నవ్విన, కొంచెం ఆలస్యంగ.

అడుగు బురద జల్లెడపట్టి తెల్ల ట్రేల పోసి
కాళ్లు, మొప్పలు, తోకలు లెక్కరాసినం.
తూనీగ పిల్లలు ముప్ఫై రెండు.
ఎర్ర దారం తెగిపడ్డట్టు ఒక పురుగు,
ఒక్కటే.
ఇది అంతట ఉంటది, అన్నది మేడం,
ఇదొక్కటే మిగిలిన తావు కనబడితే మాత్రం
ఆగి చూడు.
దాన్ని మెల్లగ మల్ల నీళ్లల్ల ఇడిచింది.

ఆగస్టుల వరంగల్ స్టేషన్ల దిగిన.
ఇంట్ల మగ్గం మీద సగం జంపఖాన.
నాయిన, ఏం తెచ్చినవని అడగలే.
ఏం నేర్చినవో చూపియ్యి, అన్నడు.

పైపుముక్కలు కొన్న.
దారం మా ఇంట్ల కొనాల్నా?
ఆడెపు సాంబయ్య మామ రంగుల బట్టీ ఎనుక,
మోరి పోయి నాలాల కలిసే కాడ
చట్రం పరిచిన.
గునుగు మొక్కలు రెండు. తుంగ నాలుగు పోచలు.
తక్కిన గడులల్ల ఒట్టి మన్ను,
మన్ను మీద పోయిన గురువారం.

ట్రేల నీళ్లు పోస్తే
ఎర్ర పోగులు. వందలు.
ఒకదాన్నొకటి పెనవేసుకుంట, ఇడిపించుకుంట.
రంగెక్కినయా ఏంది? అన్నడు నాయిన.
కాదు నాయినా, ఇది అద్దకం ఎరుపు కాదు.
మన నెత్తుర్ల ఉన్నదే వీటి నెత్తుర్ల ఉంటది.
నీళ్లల్ల గాలి అందనప్పుడు
దొరికినంత ఊపిరి పట్టి దాచుకునే ఎరుపు.

నా టికెట్టుకు సంఘమోళ్లు పోగేసిన పైసలల్ల
సాంబయ్య మామవి రెండువేలు.
అవి ఏ రంగు అద్దిన వారానివో
నేనెన్నడు అడగలే.

మామ బట్టీ గుమ్మంల నిలవడ్డడు,
మోచేతుల దాక నీలం.
పిల్లా, ఏం తేలింది? అని కేకేసిండు.
నోటుబుక్కుల తేదీ రాసిన,
జాగ పేరు రాసిన,
అంకె కాడ పెన్ను ఆగింది.

నాయిన గొంతుకూసున్నడు.
చానసేపు ట్రే దిక్కు చూసిండు.
తర్వాత చట్రం దిక్కు.
బొటనవేలితోటి ఒక్కొక్క దారం మీటుకుంట పోయి పోయి
ఒక కాడ ఆగిండు.

ఏడో పోగు వదులైంది బిడ్డా,
లెక్క తప్పుతది.
ఉండు, బిగిస్త.
మల్ల మొదటి సంది లెక్కవెట్టు.