మోత

గాంధీ రోడ్డులో మా స్టీలు సామాన్ల అంగడికి
రిజిస్టరు పోస్టులో నోటీసు.
మా వెబ్‌సైటు చూపులేని వాళ్లకు పనికిరాదంట.
పంపింది మునిరత్నం,
చిత్తూరుకు బదిలీ అయ్యేదాకా
గిన్నెను మెటికతో కొట్టి, మోత విని
మందమెంతో చెప్పేసే మనిషి.

కడుపు మండింది.
వకీలు ఫీజే రెండు నెలల బాడుగ.
ఒక్క ఫోను చేసుంటే పోయేది కదా సామీ!
చేసినాడంట, మూడుసార్లు.

రాత్రి షట్టరు దించి
ఆయన వినే గొంతును నా ఫోనులో పెట్టి
కండ్లు మూసుకున్నా.
"బొమ్మ. బొమ్మ. బటన్.
బొమ్మ. పేరు లేదు."
నూట నలభై గిన్నెలు,
ఒక్కటీ మోగలే.

సైటు కట్టిన మేనల్లుడు ఫోనెత్తలేదు.
నేనే మొదలుపెట్టినా:
"ఇడ్లీ పాత్ర. నాలుగు రేకులు. అడుగు మందం.
పిడి రెండేండ్లకే లూజవుతుంది."

ఆ కడపటి మాట
ఉంచాలా, తీసేయాలా అని
ఇంకా చూస్తానే ఉండా.