ఎఫ్ వన్

తిబిలిసి స్టేషన్ ఎదుటి సబ్‌వేలో
తలుపంత కొట్టు నాది.
పైన బస్సు వెళ్తే డబ్బాలో స్క్రూలు వణుకుతాయి.

వాఖో వచ్చాడు, తొమ్మిదేళ్లుంటాయి,
స్వెట్టర్ లోపల గేమ్ దాచుకుని.
అన్నది. అడక్కుండా తీశాడు.
ఏదో చార్జర్ గుచ్చాడు.
"టప్" మందట.
ఆ చప్పుడు నోటితో మళ్లీ చేసి చూపించాడు.

మూత విప్పాను.
ఆకుపచ్చ బోర్డు మీద తెల్లగా: ఎఫ్ వన్.
నువ్వుగింజలో సగముంటుంది ఫ్యూజు.
మీటరు ముళ్లు అటూ ఇటూ ఆనించాను.
కూత లేదు.

"తీగముక్క అతికించెయ్యి, మా మామ అంతే చేస్తాడు."
మీ మామలాంటి వాళ్ల వల్లే నాకు సగం బేరం,
అనలేదు.
తీగకి పోవడం తెలీదురా, అన్నాను.
అది పోకపోతే
మిగతావన్నీ పోతాయి.

కొత్త ఫ్యూజు పట్టకారులోంచి ఎగిరింది.
యాభై ఆరేళ్ల మోకాళ్లు, తొమ్మిదేళ్ల మోకాళ్లు
నేలంతా వెతికాయి.
చివరికి వాడి మోచేతికే అంటుకుని ఉంది.

ఫ్లక్స్ పొగ. ఊపిరి బిగబట్టాను,
వాడూ బిగబట్టాడు.
సీసం ఒక్క క్షణం మెరిసి, మసకేసి, ఆగింది.
మీటరు కూసింది.

దీపం వెలిగింది. అన్న దాచుకున్న ఆట తెరుచుకుంది:
నాలుగో మెట్టు.
వాఖో తెర దగ్గరికి జరిగాడు.
"పన్నెండు దాటేశానన్నాడే!"

గబుక్కున ఆపేశాడు.
చిల్లర లెక్కపెట్టాడు, సగమే తీసుకున్నాను.
మెట్లెక్కుతుంటే చూశాను:
స్వెట్టర్ కింద
ఇప్పుడు రెండు దాస్తున్నాడు.